ఏ పాట ఎవరిది?

'శంకరాభరణం' పాటలు ఎవరు రాశారని అడిగితే తడుముకోకుండా వేటూరి అంటాం. 'ఓంకార నాదాను', 'శంకరా నాదశరీరాపరా' ఆయనవే. కానీ అదే సినిమాలో వినిపించే 'పలుకే బంగారమాయెనా' పదిహేడో శతాబ్దపు భద్రాచల రామదాసుది. 'మానస సంచరరే' సదాశివ బ్రహ్మేంద్రుల సంస్కృత కీర్తన. 'బ్రోచేవారెవరురా' మైసూరు వాసుదేవాచార్యులది. ఆయన 1961 దాకా జీవించారు. 'దొరకునా ఇటువంటి సేవ' దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఆ మాటలతోనే మొదలయ్యే కృతి ఒకటి త్యాగరాజ స్వామికి బిలహరి రాగంలో ఉంది. సినిమాలోది అదే ఎత్తుగడతో వేటూరి రాసిన వేరే పాట.

ఇన్ని కాలాలవాళ్ల పని ఒక్క క్యాసెట్టులో ఒదిగింది. పాటల యాప్ తెరిస్తే మాత్రం ఇదంతా సినిమా పేరు, గాయకుల పేర్లు, ఒక బొమ్మగా కుదించుకుపోతుంది. రచయిత పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. వయొలిన్ ఎవరిదో, మృదంగం ఎవరిదో కనిపించడం మరీ అరుదు.

ఎవరి పని ఏదో విడదీసి, ఆధారం చూపించి రాసిపెట్టే పనిని పాతికేళ్లుగా అనేక దేశాల సంగీతాభిమానులు జీతం లేకుండా చేస్తున్నారు. ఆ చోటు పేరు మ్యూజిక్‌బ్రెయిన్జ్. 20 లక్షలకు పైగా కళాకారులు, 3 కోట్లకు పైగా రికార్డింగుల వివరాలున్న డేటాబేస్ ఇది. పాటలు ఇందులో ఉండవు, పాటల గురించిన వివరాలే ఉంటాయి. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా తప్పు పట్టవచ్చు, ఎవరైనా మొత్తం కాపీ చేసుకుపోవచ్చు. ఉమ్మడి జ్ఞాపకం ఉమ్మడిగా నిలవాలంటే ఈ మూడూ కలిసి ఉండాలన్నదే నేను ఇక్కడ చెప్పదలచుకున్నది.

చేయి జారిన చిట్టా

1982లో మార్కెట్‌లోకి వచ్చిన సీడీలో పాటల పేర్లు ఉండేవి కావు. ఏ ట్రాకు ఎక్కడ మొదలవుతుందో చెప్పే పట్టిక మాత్రమే ఉండేది. కంప్యూటర్‌లో సీడీ పెడితే తెరమీద 'ట్రాక్ 1', 'ట్రాక్ 2' అని కనిపించేది. ఆ లోటు తీర్చడానికి 1993లో టీ కాన్, స్టీవ్ షెర్ఫ్ అనే ప్రోగ్రామర్లు సీడీడీబీ అనే డేటాబేస్ మొదలుపెట్టారు. సీడీ కొన్నవాళ్లు అట్టమీది పేర్లు చూసి టైపు చేసి పంపేవారు. ఆ తర్వాత అదే సీడీ ఇంకెవరు పెట్టినా వాళ్లకు పేర్లు కనిపించేవి.

ఆ దశాబ్దం ముగిసేలోపే సీడీడీబీ వ్యాపార సంస్థ చేతికి వెళ్లింది. తర్వాత దాని పేరు గ్రేస్‌నోట్ అయింది. జనం ఊరికే టైపు చేసి ఇచ్చిన వివరాలను వాడుకోవాలంటే కంపెనీ పెట్టిన షరతులకు ఒప్పుకోవాల్సి వచ్చింది. రాసినవాళ్లకు దానిమీద హక్కు లేకుండా పోయింది. ఆ దెబ్బ తిన్నవాళ్లలో కొందరు పాత సమాచారంతో ఫ్రీడీబీ అనే ప్రత్యామ్నాయం నిలబెట్టారు. అది 2020లో మూతపడింది. రాబర్ట్ కే అనే ప్రోగ్రామర్ దారి వేరు. పునాది నుంచి కొత్తగా కట్టాలని ఆయన 2000 ప్రాంతంలో మ్యూజిక్‌బ్రెయిన్జ్ మొదలుపెట్టాడు. ఏ కంపెనీ కొనేయడానికి వీల్లేకుండా 2004లో మెటాబ్రెయిన్జ్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థను ఏర్పాటు చేశాడు.

కొత్తగా కట్టాల్సిన అవసరం హక్కుల గొడవ ఒక్కదానితోనే రాలేదు. పాత డేటాబేసుల్లో ఒక సీడీ అంటే కొన్ని వరసల రాత. గాయకుడి పేరు ఒక సీడీలో ఒకలా, ఇంకో సీడీలో ఇంకోలా ఉంటే రెండూ ఒకే మనిషివని కంప్యూటర్‌కు తెలిసే దారి లేదు. ఫ్రీడీబీలో సంగీతం మొత్తానికీ ఉన్న వర్గాలు 11 మాత్రమే. కర్ణాటక సంగీతాన్ని అందులో ఏ గదిలో పెట్టాలి?

పాటను విడదీసే పద్ధతి

మ్యూజిక్‌బ్రెయిన్జ్ చేసిన పెద్ద పని, మనం 'పాట' అని ఒక్క మాటతో చెప్పేదాన్ని పొరలుగా విడదీయడం. 2011లో డేటాబేస్ నిర్మాణాన్ని మొత్తం మార్చి ఈ పొరలను స్థిరపరిచారు.

మొదటి పొర రచన. 'బ్రోచేవారెవరురా' అనే కృతి ఒక రచన. దాన్ని ఎవరూ పాడకపోయినా, రికార్డు చేయకపోయినా అది ఉంటుంది. వాగ్గేయకారుడి పేరు ఇక్కడ ముడిపడుతుంది. రెండో పొర రికార్డింగు. ఆ కృతిని సినిమా కోసం బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం పాడినది ఒక రికార్డింగు. కచేరీలో ఒక విద్వాంసుడు పాడినది మరొకటి. వాటికి రాగాలాపన, నిడివి, పక్కవాద్యాలు అన్నీ వేరు కాబట్టి రికార్డింగులూ వేరే. కానీ అన్నీ ఒకే రచనవైపు వేలు చూపిస్తాయి. గాయకులు, వాద్యకారులు ఈ పొరలో చేరతారు.

మూడో పొర విడుదల. శంకరాభరణం ఎల్‌పీ రికార్డు ఒక విడుదల, క్యాసెట్టు ఒక విడుదల, తర్వాత వచ్చిన సీడీ ఇంకో విడుదల. తేదీ, లేబుల్, కేటలాగు నంబరు, బార్‌కోడ్ ఒక్కోదానికి వేరువేరు. వీటన్నింటినీ కలిపి 'శంకరాభరణం' అనే ఒక్క గొడుగు కిందకు తెచ్చేది విడుదలల సమూహం. పదేళ్ల తర్వాత ఏదో హిట్ పాటల సంకలనంలో అదే పాట మళ్లీ వస్తే ఆ సంకలనం కొత్త విడుదల అవుతుంది. అందులోని ట్రాకు మాత్రం పాత రికార్డింగుకే ముడిపడుతుంది. గొంతు అదే కదా.

ఈ పద్ధతిలో 'దొరకునా ఇటువంటి సేవ' చిక్కు విడిపోతుంది. మొదటి మాటలు ఒకటే అయినా రచనలు రెండు. ఒకటి త్యాగరాజుది, రెండోది వేటూరిది. అయోమయం లేకుండా పేరు పక్కన చిన్న వివరణ కూడా చేర్చవచ్చు. ఒకే పేరున్న ఇద్దరు గాయకులను వేరు చేసేదీ ఆ వివరణే.

మనుషుల పేర్ల విషయంలో తీసుకునే జాగ్రత్త నాకు మరీ నచ్చుతుంది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పేరు అట్టలమీద ఎన్ని రకాలుగా అచ్చయిందో మనకు తెలుసు. ఇంగ్లీషు అక్షరాల్లో ఒకలా, తమిళ పద్ధతిలో ఇంకోలా, కొన్నిచోట్ల ఎస్పీబీ, కొన్నిచోట్ల బాలు. డేటాబేస్‌లో మనిషి ఒక్కడే. అట్టమీద ఎలా ఉందో అలాగే చూపించే వీలూ ఉంది, అన్నీ ఒకే కళాకారుడి దగ్గరకు చేరే దారీ ఉంది. మారుపేర్లను ఏ భాషవో గుర్తించి చేర్చవచ్చు కాబట్టి తెలుగు లిపిలో పేరుకూ చోటుంది.

ఇదంతా నిలబడేది ఒక గుర్తింపు సంఖ్యమీద. ప్రతి కళాకారుడికీ, రచనకూ, రికార్డింగుకూ 36 అక్షరాల సంఖ్య ఉంటుంది. ఊళ్లో చేనుకు జనం పెట్టుకున్న పేరు మారినా, యజమాని మారినా సర్వే నంబరుతో దాన్ని పోల్చుకున్నట్టే, ఇక్కడ పేరు సరిదిద్దినా సంఖ్య మారదు. పొరపాటున ఒకే కళాకారుడికి రెండు నమోదులు ఉన్నాయని తేలితే వాటిని కలిపేస్తారు. అప్పుడు కూడా పాత సంఖ్య చచ్చిపోదు. దాన్ని వాడినవాళ్లను కొత్తదాని దగ్గరకు చేరుస్తుంది. బీబీసీ లాంటి సంస్థ తన సంగీత పేజీలను ఈ సంఖ్యల ఆధారంగా కట్టుకోగలిగింది ఈ స్థిరత్వం వల్లే.

ఎవరైనా రాస్తే నమ్మేదెలా?

ఎవరైనా రాయగలిగితే అబద్ధాలు రాయరా? ప్రతి మార్పుకూ ఒక రికార్డు ఉండడమే దీనికి మ్యూజిక్‌బ్రెయిన్జ్ ఇచ్చే జవాబు. ఎవరు మార్చారు, ఎప్పుడు, ఇంతకుముందు ఏముంది, ఇప్పుడేముంది అన్నది చెరగకుండా ఉంటుంది. మార్పుతోపాటు ఎడిటర్ ఒక నోటు రాయాలని ఆశిస్తారు. ఈ పేరు క్యాసెట్టు లోపలి కాగితం మీద ఉంది, ఈ తేదీ లేబుల్ కేటలాగులో ఉంది, ఇదిగో స్కాన్ అని చూపించాలి.

కొత్తగా చేర్చే చాలా వివరాలు వెంటనే అమలవుతాయి. ఉన్నదాన్ని మార్చడం, రెండింటిని కలపడం, తీసేయడం లాంటి ప్రమాదకరమైన మార్పులు ఏడు రోజులు ఓటుకు వేచి ఉంటాయి. ఇతర ఎడిటర్లు అవునంటారు, కాదంటారు, లేదా తటస్థంగా ఉంటారు. వ్యతిరేకత లేకుండా మూడు ఓట్లు ఒకే వైపు పడితే గడువుకు ముందే తేలిపోతుంది. ఎవరూ ఓటు వేయకపోతే గడువు ముగిశాక మార్పు అమలవుతుంది. పనిని ఆపకుండా అడ్డుకునే అవకాశం ఇవ్వడమే దీని ఉద్దేశం. మనకిష్టమైన కళాకారుడికి చందాదారులమైతే ఆయన వివరాల్లో ఎవరు వేలు పెట్టినా మనకు ఈమెయిల్ వస్తుంది. అభిమానం అలా కాపలాగా మారుతుంది.

ఇంకో దారి యంత్రాల సాయం. సీడీలో ట్రాకులు మొదలయ్యే స్థానాల పట్టిక నుంచి ఒక గుర్తును లెక్కగట్టి ఆ సీడీ ఏదో పోల్చుకోవచ్చు. పేరూ ఊరూ లేని పాట ఫైలైతే ధ్వనినే చదవాలి. ఆ పని చేసేది లుకాష్ లలిన్స్కీ తయారుచేసిన అకౌస్టిడ్. పాటలో మొదటి రెండు నిమిషాలు తీసుకుని, చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో 12 స్వరస్థానాల్లో ఏది ఎంత బలంగా మోగుతోందో కొలుస్తుంది. ఆ కొలతల వరస పాటకు వేలిముద్ర అవుతుంది. ఎంపీ3గా మార్చినా, నాణ్యత కొంత తగ్గినా ఆ ముద్ర దాదాపు అలాగే ఉంటుంది. పికార్డ్ అనే ఉచిత ప్రోగ్రాం ఈ ముద్రతో డేటాబేస్‌లో వెతికి, మన కంప్యూటర్‌లోని ఫైళ్లకు సరైన పేర్లు రాసిపెడుతుంది.

మన సంగీతానికి ఇచ్చిన చోటు

పాశ్చాత్య పాప్ ఆల్బమ్‌ల కోసం మొదలైన ఈ డేటాబేస్‌లో రాగానికీ తాళానికీ గది ఉంది. 2011లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో, పాంపేవ్ ఫాబ్రా విశ్వవిద్యాలయంలో జేవియర్ సెర్రా నాయకత్వాన కాంప్‌మ్యూజిక్ అనే పరిశోధన మొదలైంది. కర్ణాటక, హిందుస్తానీ, టర్కీ మకామ్, చైనా జింగ్జూ, అరబ్-అండలూసియా సంప్రదాయాలను కంప్యూటర్‌తో అధ్యయనం చేయడం దాని లక్ష్యం. మద్రాసు ఐఐటీ పరిశోధకులూ అందులో పాల్గొన్నారు. వందల కొద్దీ కచేరీ సీడీల వివరాలను వాళ్లు మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లోనే నమోదు చేశారు. రచనకు కర్ణాటక రాగం, కర్ణాటక తాళం రాసే ప్రత్యేకమైన చోటు అందులో ఉంది. మృదంగం, ఘటం, కంజీర, తంబూర వాద్యాల జాబితాలో ఉన్నాయి.

కర్ణాటక కృతుల్లో పెద్ద వాటా తెలుగువి. తెలుగు తెలియని పరిశోధకుడు కూడా ఒక త్యాగరాజ కృతిని పట్టుకుని, దాని రాగం చూసి, దాన్ని పాడినవాళ్లందరినీ, వాళ్ల వెనక వాయించినవాళ్లనూ వరసగా చూడగలిగే దారి ఇది. సీడీ వెనక చిన్న అక్షరాల్లో మిగిలిపోయిన వయొలిన్ విద్వాంసుడికి ఇక్కడ సొంత పేజీ ఉంటుంది. తన జీవితంలో ఎవరెవరి పక్కన వాయించాడో ఆ పేజీ చెబుతుంది.

ఎత్తుకుపోవడానికి అనుమతి

ప్రధాన సమాచారాన్ని, అంటే పేర్లను, తేదీలను, సంబంధాలను సిసి జీరో అనే హక్కుల ప్రకటనతో ప్రజలకు పూర్తిగా వదిలేశారు. వాటిమీద ఎవరికీ హక్కు లేదు. డేటాబేస్ మొత్తాన్ని వారానికి రెండుసార్లు దింపుకునేందుకు సిద్ధం చేసి పెడతారు. గంటగంటకూ మారే సమాచారం కావాల్సిన కంపెనీల నుంచి రుసుము తీసుకుంటారు. సంస్థ ఖర్చులకు అదే పెద్ద ఆసరా. అట్టల బొమ్మలు 2012 నుంచి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, కవర్ ఆర్ట్ ఆర్కైవ్ పేరుతో భద్రమవుతున్నాయి.

సీడీడీబీ నేర్పిన పాఠం ఇక్కడ అమలైంది. రేపు ఈ సంస్థే లేకపోయినా, దారి తప్పినా, కాపీ ఉన్న ఎవరైనా పనిని అక్కడి నుంచి కొనసాగించవచ్చు. తలుపులు తెరిచి ఉంచుతామన్న మాటను నమ్మడం వేరు, మూసినా నష్టపోని ఏర్పాటు చేసుకోవడం వేరు. పాతికేళ్లు ఈ పని నిలిచిందంటే ఆ రెండో ఏర్పాటు వల్లే.

మిగిలిన పని మనది

డేటాబేస్‌లో గది ఉన్నంత మాత్రాన అది దానంతట అదే నిండదు. ఏ భాష సంగీతమైనా ఆ భాషవాళ్లు కూర్చుని రాసినంతే ఉంటుంది. తెలుగు గ్రామఫోను రికార్డుల మీది వివరాలు, హరికథల, బుర్రకథల, నాటక పద్యాల క్యాసెట్లు, ఆలయాల్లో అమ్మిన భక్తి గీతాల ఆల్బమ్‌లు చాలావరకు ఇళ్లలోనే ఉన్నాయి. టేపు పాడవడానికి ముందే అట్ట చిరిగిపోతుంది. అట్టతోపాటు తబలా ఎవరిదో, ఏ స్టూడియోలో రికార్డు చేశారో చెప్పే ఒకే ఒక్క ఆధారం పోతుంది.

ఇందుకు పాండిత్యం అక్కర్లేదు, ఓపిక చాలు. ఖాతా ఉచితం. ముందుగా అట్టను రెండు వైపులా, లోపలి కాగితంతో సహా స్కాన్ చేయాలి. కేటలాగు నంబరు, లేబుల్, వైపులవారీగా పాటలు రాయాలి. అట్ట చెప్పింది చెప్పినట్టు రాసి, మనకు వేరే ఆధారంతో తెలిసింది నోటులో విడిగా చెప్పాలి. కీర్తన ఎవరిదో తెలిస్తే ఆ రచనకు ముడివేయాలి, తెలియకపోతే ఖాళీగా వదలాలి. ఊహించి నింపిన పేరు ఖాళీకన్నా చెడ్డది. ఖాళీని చూసినవాళ్లు వెతుకుతారు, తప్పును చూసినవాళ్లు నమ్మి ముందుకు పోతారు.

పాడినవాళ్లకూ, రాసినవాళ్లకూ, వాయించినవాళ్లకూ మనం పడ్డ రుణం చప్పట్లతో తీరేది కాదు. వాళ్ల పేరు సరిగ్గా, వాళ్లు చేసిన పని పక్కనే, ఆధారంతో సహా రాసిపెట్టాలి. అందుకు కావలసిన పద్ధతిని, చోటును లోకం నలుమూలల మనుషులు కలిసి సిద్ధం చేశారు. తెలుగు పాటకు సంబంధించిన వివరాలు మాత్రం తెలుగువాళ్ల బీరువాల్లోనే ఉన్నాయి కాబట్టి ఆ భాగం మనమే రాయాలి.