పడవలోంచి కనిపించని ఒడ్డు

వేసవి సెలవులకి జైనూర్ వచ్చిన మనవలు పడవెక్కాలని పేచీ పెడితే, శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006) పెట్టి కూర్చోబెట్టాను. సీత నాకిప్పటికీ ఇష్టమే. పెళ్ళి గొడవలన్నీ పక్కన పెట్టి ఒంటరిగా ప్రయాణం కట్టిన ఆడపిల్లలు మన సినిమాల్లో ఎంతమందని! బాపు ‘అందాల రాముడు’ (1973) వెళ్ళిందీ ఈ గోదారి మీదే, భద్రాచలానికే. ముప్ఫై మూడేళ్ళలో పడవలో స్త్రీ మారింది. ఒడ్డు మాత్రం దృశ్యంగానే ఉండిపోయింది. కోటిగాడనే కుక్కకి సైతం మనసులో మాటలు రాసిన దర్శకుడికి, పాపికొండల్లో బతికే కోయ, కొండరెడ్డి స్త్రీలకి గుర్తుండిపోయే ఒక్క మాట రాయాలనిపించలేదు.

“అక్కడ ఊళ్ళు లేవా అమ్మమ్మా?” అంది మనవరాలు. ముందురోజే మర్లవాయిలో గోండు పిల్లలతో ఆడొచ్చిన పిల్ల మరి! ఉన్నాయనీ, పోలవరం కోసం దేవీపట్నం వైపు చాలా ఊళ్ళు ఖాళీ చేయించారనీ చెప్పాను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర విహారయాత్ర లాంచీ మునిగినప్పుడు, నాటుపడవలేసుకుని వెళ్ళి కొందరిని ఒడ్డుకి చేర్చింది ఆ దరినున్న తూటుగుంట మనుషులే.