ఈజిప్టు నర్తకీమణుల వేషము

ఇటీవల మేము తరగతిలో ప్రాచీన ఈజిప్టు చిత్రమొకదాని ప్రతిని చూపగా కొందఱు బాలురు ముఖములు చాటుచేసికొని నవ్విరి. ఒకడు లేచి, "అయ్యా, ఆ దేశపు స్త్రీలకు సిగ్గు లేదా?" యని యడిగెను. పెద్దలును వేఱుమాటలతో నీ ప్రశ్ననే వేయుచుందురు గావున దీనిని విమర్శింపవలసియున్నది.

ఆ చిత్రము క్రీ. పూ. 1350 ప్రాంతమున థీబ్సు నగరమునందలి నెబామూను అను ధాన్యాగారపు లెక్కల యుద్యోగి సమాధిలో వ్రాయబడినది. నేడు బ్రిటిషు మ్యూజియమున నున్నది. విందులో నిరువురు యువతులు నర్తించుచున్నారు. వారికి ఆభరణములును సన్నని మొలనూలును దప్ప వేఱు వస్త్రము లేదు. ప్రక్కనే కూర్చున్న గాయికలు మాత్రము పలుచని పొడవు వస్త్రములు ధరించియున్నారు. ఒకే విందున నింత భేదమున్నప్పుడు, వేషము చేయు పనిని బట్టి యేర్పడినదే కాని, జాతి శీలమునకు కొలత కాదని తెలియుచున్నది.

ఇంతకు సుమారు వేయేండ్లకు పూర్వపుదైన సక్కారాలోని అంఖ్‌మహోరు సమాధిలో నర్తకులు వెనుకకు వంగి కాలు మీదికెత్తి యాడుచున్నారు. వారు కట్టినది పొట్టివస్త్రము. జడకొనను బంతి వ్రేలాడుచున్నది. చీలమండలదాక బిగిసిన వస్త్రముతో నా కాలు లేచునా?

మఱియు చిత్రించినదెల్ల తొడిగినదని నమ్మరాదు. చిత్రములలోని స్త్రీల వస్త్రములు మేనికి అంటించినట్లుండి అడుగు వేయుటకైన వీలుకానివి. తార్ఖానులో 1913వ సంవత్సరమున త్రవ్వితీసిన గుడ్డలనుండి 1977లో బయల్పడిన అవిసెనార దుస్తు, 2015లో జరిగిన పరీక్షను బట్టి, క్రీ. పూ. 3482-3102 నడుమ నేయబడినది. దానికి చేతులును కుచ్చులును గలవు. మోచేతులయొద్దను చంకలయొద్దను ముడుతలు నేటికిని కానవచ్చుచున్నవి. అది మనుష్యులు తొడిగి తిరిగిన దుస్తు. చిత్రకారుడు తన కంటికింపైన రూపమును వ్రాసెను.

అయినను ఒక మాట యొప్పుకొనవలెను. ఆ విందు చిత్రమున నర్తకుల పేరులు లేవు. సమాధి మాత్రము గృహస్థుని పేరనే వెలసియున్నది. కావున మేమా బాలునితో నిట్లంటిమి: "నాయనా, సిగ్గు మాట యెత్తదలచితివేని, ఆడినవారి నడుగుటకు ముందు, ఆడించి చూచినవారి నడుగుము." వాడు కొంతసేపు ఆ చిత్రమునే చూచుచు కూర్చుండెను. పిదప నెవ్వరును నవ్వలేదు.