ఆకుపచ్చను మింగే నీళ్లు

బ్యూరెట్ రీడింగు కింది వంపు దగ్గర తియ్యాలని ఏడాదంతా పిల్లలకు చెబుతాను. పర్మాంగనేట్ రోజొచ్చేసరికి నా మాట నేనే మార్చుకోవాలి. ఆ ఊదారంగు చిక్కదనంలో కింది వంపు కనబడి చావదు, పై అంచే చూసుకోవాలి.

విజయనగరంలో ఎన్నేళ్లుగా ఈ టైట్రేషన్ చేయిస్తున్నా, ఫ్లాస్కులో మొదటి చుక్క పడుతుంటే నాకింకా సరదానే. 60 డిగ్రీలకు వేడిచేసిన ఆక్జాలిక్ ఆమ్లంలో దాని రంగు వెంటనే పోదు. కాసేపు ఊదాగానే మొండికేస్తుంది. తర్వాతి చుక్కలు మాత్రం పడ్డం పడ్డమే మాయం. తొలి చుక్క విరిగి పుట్టిన మాంగనీసు అయానే మిగతావాటిని తొందరపెడుతుంది.

"రంగు ఏటైపోనాది మాస్టారూ?" అంది మొన్న చీపురుపల్లి నుంచి వచ్చే అమ్మాయి.

సిరిమాను సంబరానికి కొన్న ఎల్ఈడీ సీరియల్ బల్బులు బీరువాలో ఉంటే తీయించాను. పర్మాంగనేట్ నింపిన పరీక్షనాళిక వెనక ఎర్రబల్బు పెడితే ఎర్రగానే కనబడింది. ఆకుపచ్చది పెడితే ఆరిపోయినట్టే ఉంది. ఆ నీళ్లు తెల్లటి వెలుగులోంచి 525 నానోమీటర్ల చుట్టుపక్కల ఉన్న ఆకుపచ్చను మింగేస్తాయి. మిగిలిన ఎరుపూ నీలమూ కలిసి మన కంటికి ఊదా. ఆక్సిజన్ దగ్గరి ఎలక్ట్రాను మాంగనీసు మీదికి గెంతాలంటే కావలసిన శక్తి సరిగ్గా ఆ ఆకుపచ్చలోనే ఉంది మరి. మాంగనీసు +7 నుంచి +2కి దిగాక కథ మారుతుంది. దాని డి ఎలక్ట్రాన్లు అయిదూ ఒకే వాటంగా తిరుగుతుంటాయి. ఒకటి గెంతాలంటే వాటం తిప్పుకోవాలి, అది బహు అరుదు. అందుకే దాదాపు ఏ వెలుగునీ ముట్టదు, నీళ్లలా తేటగా ఉంటుంది.

ఆ అమ్మాయి వచ్చే వైపే ఉన్న కోడూరులో 1892లో మాంగనీసు తవ్వకం మొదలైంది. అక్కడి ఒక రాతికి ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త కోడూరైట్ అని పేరుపెట్టాడు. మన జిల్లా పల్లె పేరు ప్రపంచమంతా రాళ్ల పుస్తకాల్లోకెక్కిందని చెబితే ఆ పిల్ల నమ్మలేదు. అక్కడ తవ్విన మాంగనీసు ఖనిజం నల్లన. అంటే పడ్డ వెలుగును ఇంచుమించు ఏదీ వదలదు.

లేత గులాబీ అర నిమిషం నిలిస్తే కుళాయి కట్టెయ్యమన్నాను. ఈలోగా బ్యూరెట్ నింపుతూ వేళ్లమీద ఒలకబోసుకుంది. గోధుమరంగు మరక తేలింది.

"ఇదేటి మింగుతాది మాస్టారూ?"

"నీలాన్ని ఎక్కువ, మిగతావి కొంచెం కొంచెం. ఆ పలచని ఆక్జాలిక్ చుక్క రాసి, బాగా నీళ్లుపోసి కడుక్కో అమ్మా."