ముగ్గురు సుయోధనులు

'మాయాబజార్' (1957)లో ముక్కామల, 'పాండవ వనవాసం' (1965)లో ఎస్వీ రంగారావు, 'దానవీరశూరకర్ణ' (1977)లో ఎన్టీ రామారావు. సుయోధనుడొక్కడే, దారులు మూడు. ముక్కామల సుయోధనుడు శకుని మాట దాటని రాజు. రామారావుగారు అతన్ని నాయకుణ్ణే చేశారు. కర్ణుడి పక్షాన కులాన్ని నిలదీస్తే సభలో జవాబు చెప్పేవాడు లేడు. కొండవీటి వెంకటకవి సంభాషణలు అందుకు ఊపిరి.

అయినా నా మనసుకెక్కినవాడు రంగారావుగారి సుయోధనుడే. రామారావుగారి సుయోధనుడు మనచేత ఔననిపించుకోవాలని చూస్తాడు. రంగారావుగారి సుయోధనుడికి మన మెప్పుతో పనిలేదు. అభిమానధనుడంటే అతడే గదా!

బడిలో తెలుగులేని మన పిల్లలకు మాత్రం ముందుగా రామారావుగారినే వినిపించండి. సమాసాన్ని ఎక్కడ విరవాలో, ఒత్తు ఎలా పలకాలో చెవికి పట్టుబడుతుంది. ఆ తర్వాత రంగారావుగారిని చూపించండి. మాట ఆగినచోట నటుడేం చేస్తాడో వాళ్ళకే తెలుస్తుంది.