ఆ పూట భోజనం ఎవరిది?

శ్రమల దినాలు మొదలైతే చాలు, శుక్రవారం ఉపవాస కూటానికి మా సంఘంలో చాపలు చాలవు. కొడుకు వీసా, కూతురి పెళ్లి, తీరని అప్పు, ఎవరి భారం వారిది. నేనూ వారి మధ్యే కూర్చుంటాను. అక్కరలో ఉన్నప్పుడు దేవుడి దగ్గరికి కాక ఎక్కడికి పోతాం? కానీ తిండి మానేసి ఆయన చేత మన పని చేయించుకోవచ్చనే తలంపు మాత్రం నాకు మింగుడుపడదు.

ఉపవాసం ముందు నన్ను నాకు చూపిస్తుంది. మధ్యాహ్నం దాటేసరికి మాట విసురుగా వస్తుంది, చిన్నదానికీ చిరాకు పుడుతుంది. కడుపు నిండిన రోజుల్లో అణగి ఉన్న కోపం, గర్వం అప్పుడు పైకి లేస్తాయి. వాటిని ప్రభువు ముందు ఒప్పుకోవడమే ఆ రోజు నా మొదటి ప్రార్థన.

అయితే అక్కడితో ఆగకూడదు. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో యేసు ధర్మం, ప్రార్థన, ఉపవాసం గురించి ఒకే ప్రసంగంలో బోధించాడు. మూడూ మనుషుల మెప్పు కోసం చేయొద్దన్నాడు. మనం ప్రార్థననూ ఉపవాసాన్నీ జతచేసుకుని ధర్మాన్ని వదిలేశాం. ఉపవాసమున్న రోజునే పనివాళ్లను పీడించినవారిని యెషయా ప్రవక్త నిలదీశాడు. ఆకలిగొన్నవారికి ఆహారం పెట్టడం, అణగారినవారిని విడిపించడం దేవుడికి ఇష్టమైన ఉపవాసమని 58వ అధ్యాయంలో తేల్చి చెప్పాడు.

రెండో శతాబ్దపు రోమా క్రైస్తవుల గ్రంథం ‘హెర్మాసు కాపరి’ దీనికి దారి కూడా చూపింది. ఉపవాసం రోజు రొట్టె, నీళ్లతో సరిపెట్టుకోవాలి. తినవలసిన భోజనం ఖరీదు లెక్కగట్టి విధవరాలికో, అనాథకో, అక్కరలో ఉన్నవారికో ఇవ్వాలి. ఆ లెక్క ఇప్పుడు మా ఇంట్లోనూ ఉంది. ఆ డబ్బు సాయంత్రంలోగా ఎవరికో ఒకరికి చేరాలి, ఎవరికి చేరిందో బయట చెప్పుకోకూడదు. దాంతో నా ఆకలికి ఒక గమ్యం దొరికింది.

షుగరు మందులు వాడేవారు, గర్భిణులు తిండి మానలేకపోతున్నామని నొచ్చుకోనక్కర్లేదు. కథోలిక సంఘం కూడా 59 ఏళ్లు నిండినవారికి భస్మ బుధవారం, శుభ శుక్రవారం ఉపవాసాలను తప్పనిసరి చేయలేదు. యెషయా చెప్పిన ఉపవాసానికి మాత్రం వయసు, జబ్బు అడ్డు రావు. మన ఇంట్లో పనిచేసే మనిషికి కూలి సకాలంలో ఇవ్వడం, పొరుగింట పొయ్యి వెలగకపోతే అన్నం పంపడం అందరం చేయగలం. ఈ శుక్రవారం మోకరించే ముందు ఆ పని ముగించుకుందాం.