చెప్పులు కుడుతూ చెప్పిన కబురు

ఒంగోలు చుట్టుపక్కల సువార్త ఎలా వ్యాపించిందని అడిగితే చాలామంది మిషనరీ క్లౌ దొర పేరు చెబుతారు. నాకు ముందు యెర్రగుంట్ల పేరయ్య గుర్తొస్తాడు. పడమటి పల్లెల మాదిగ పెద్ద, తోళ్ల వ్యాపారి. 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం పొందాడు. ఆ తరువాత కొత్త ఊళ్లేమీ వెతుక్కోలేదు. తనకు బేరాలున్న ఊళ్లకు, చుట్టాలున్న గూడేలకు వెళ్లి, తనను ఎరిగినవాళ్ల మధ్యే కూర్చుని యేసు సంగతి చెప్పాడు. అతని తూకం, అతని మాట అప్పటికే వాళ్లకు తెలుసు. ఆ తరం మనుషుల కథలను క్లౌ భార్య ఎమ్మా ఒక పుస్తకంగా రాసి 1899లో అచ్చు వేయించింది. చెప్పులు కుడుతూ అన్న అర్థం వచ్చే పేరే దానికి పెట్టింది.

క్లౌ దొర చేసిన పనుల్లోనూ ఒకటుంది, నేను మళ్లీ మళ్లీ తలుచుకునేది. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పని, కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా, కరువు సాయం నడిచినన్నాళ్లు ఒప్పుకోలేదు. అన్నం కోసమే మతంలో చేరారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. సాయం ఆగిపోయాకే, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మా సంఘాల్లో ఆ సంఖ్యను గొప్పగా చెప్పుకుంటాం. నా మట్టుకు, ఆగిన ఆ నెలలే గొప్పవి.

మా వీధిలో నేను పాటించాలని చూసేది అదే. ఇరుగుపొరుగున ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే క్యారియర్ పట్టుకెళ్తాను, కరపత్రం పట్టుకెళ్లను. మంచం మీద ఉన్న మనిషికి కాదనే ఓపిక ఉండదు. ఆ సమయంలో మన మాట అతని మీద బరువే అవుతుంది.

పక్కింటి వదిన భర్తకు డయాలసిస్ మొదలైనప్పుడు వాళ్ల పిల్లను బడికి దింపడం, ఇంటి తాళాలు మా దగ్గర ఉంచుకోవడం మామూలైపోయింది. ఒక సాయంత్రం ఆమే అడిగింది: "మీరు ప్రార్థన చేస్తారుగా వదినా, ఆయన కోసం కూడా చెయ్యండి." వాళ్ల వంటింట్లోనే నిలబడి, ఆయన పేరు ఎత్తి, చిన్నగా ప్రార్థించాను. ఆదివారం చర్చికి రమ్మనలేదు. చాలా రోజుల తరువాత, "ఇంత జరిగినా మీరు దేవుణ్ణి ఎలా నమ్ముతారు?" అంది. మా పెద్దవాడు పోయిన సంగతి ఆమెకు తెలుసు. అప్పుడు నేను దాచుకోలేదు. సమాధి దగ్గర ఏడ్చిన యేసును నమ్ముతానని, ఆ సమాధి ఆయన ముందు తెరుచుకుందని నమ్ముతానని సూటిగా చెప్పాను.

అడిగినప్పుడు చెప్పకపోవడం వినయం కాదు. మన నిరీక్షణకు కారణం అడిగినవాళ్లకు సాత్వికంతో, గౌరవంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని పేతురు తన మొదటి పత్రికలో రాశాడు. వీధి చివర మైకు పెట్టేవాళ్లు ఆ సాత్వికాన్ని వదిలేస్తున్నారు. మంచిగా ఉంటే చాలు, మాటెందుకు అనేవాళ్లు ఆ జవాబును వదిలేస్తున్నారు. నాకు రెండూ నచ్చవు.

ఇవ్వడం మనకు బాగానే అలవాటైంది. క్రిస్మస్‌కు కేకు, అరిసెలు పంచుతాం. పుచ్చుకోవడం దగ్గరే చాలామంది బిగుసుకుపోతారు. నైవేద్యం పెట్టింది తినలేనని వదినకు మొదట్లోనే నెమ్మదిగా చెప్పాను. దేవుడికి పెట్టకుండా పండగ వంట ఎవరికీ పెట్టని ఇల్లు వాళ్లది. అయినా వినాయక చవితికి మా కోసం వేరే గిన్నెలో విడిగా ఉండ్రాళ్లు చేసి పంపుతుంది. నా విశ్వాసాన్ని అర్థం చేసుకుని ఇంకో పొయ్యి వెలిగించే మనిషికి నేను బోధకురాలిని మాత్రమే అయితే ఎలా? ఆమె దగ్గర నేను నేర్చుకునేదీ ఉంది.

వదిన క్రైస్తవురాలు కాలేదు. అవుతుందో లేదో దేవుడి చేతిలో ఉంది. దానిమీద మా స్నేహం ఆధారపడి లేదు.

తోటి విశ్వాసులకు ఒక మనవి. ఈ డిసెంబరులో పొరుగింటికి పళ్లెం పట్టుకెళ్లినప్పుడు గుమ్మంలోంచే తిరిగి రాకండి. లోపలికి రమ్మంటే వెళ్లి కూర్చోండి. కాఫీ ఇస్తే తాగండి. వాళ్ల పిల్లల చదువులు, పెద్దల ఆరోగ్యం అడగండి. జవాబు పూర్తయ్యేదాకా వినండి.