పరుగెత్తని ‘రన్’

ఇంగ్లిష్‌లో ‘రన్’ మూడక్షరాల మాట. ఒకటో తరగతి పిల్లలకు కూడా దాని అర్థం తెలుసు. అయినా ఇంగ్లిష్ వార్తల్ని తెలుగు చేసే డెస్కులో ఎవరినైనా అడిగి చూడండి. నోరు తిరగని పారిభాషిక పదాలకన్నా ఈ బుల్లి మాటే ఎక్కువ ఏడిపిస్తుందంటారు. పారిభాషిక పదానికి నిఘంటువులో ఒకటో రెండో అర్థాలుంటాయి. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు లెక్కలో ‘రన్’కు ఒక్క క్రియగానే 645 అర్థాలున్నాయి. వాటిని విడదీసి వరసలో పెట్టడానికి పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారుడికి తొమ్మిది నెలలు పట్టింది. అంతకుముందు, 1989లో 20 సంపుటాలుగా వచ్చిన రెండో కూర్పులో మొదటి స్థానం ‘సెట్’ది. దాని అర్థాలు సుమారు 430.

‘రన్’ ఇంతగా పెరగడానికి యంత్రయుగమే కారణమంటాడు ఆ నిఘంటువు చరిత్ర రాసిన సైమన్ వించెస్టర్. నిజమే అనిపిస్తుంది. మనుషులూ గుర్రాలూ పరుగెత్తినంత కాలం ఆ మాట అదుపులోనే ఉంది. రైళ్లు, మిల్లులు, మోటార్లు, ఆఖరికి కంప్యూటర్లు వచ్చేసరికి అన్నీ ‘రన్’ కావడం మొదలుపెట్టాయి.

డెస్కులో కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పేది ఒకటే: ‘రన్’ వంక చూడకండి, దాని పక్కనున్న నామవాచకం వంక చూడండి. తెలుగులో ఏ వస్తువుకు ఆ క్రియ ఉంటుంది. జలుబు చేస్తే ముక్కు కారుతుంది, ఒళ్లు కాలుతుంది. ఏరు పారుతుంది. రోడ్డు ఊరి మధ్య నుంచి పోతుంది. కొత్త చీర తడిపితే రంగు దిగుతుంది. బస్సు రెండూళ్ల మధ్య తిరుగుతుంది. సినిమా వంద రోజులు ఆడుతుంది. సంతలో పాత స్నేహితుడు తారసపడతాడు. డబ్బాలో బియ్యం నిండుకుంటాయి. అయిపోయాయంటే అశుభమని, ఖాళీ అయిన డబ్బాను కూడా నిండుకుందనే జాతి మనది. ఇన్నిచోట్లా ఇంగ్లిష్‌వాడికి ‘రన్’ ఒక్కటే గతి. పక్కన ఓ చిన్న మాట తగిలించుకుంటాడు, అంతే.

2007 సెప్టెంబరులో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ బ్యాంకు చిక్కుల్లో పడిందని తెలిసి జనం దాని శాఖల ముందు బారులు తీరారు. పత్రికలు దాన్ని బ్యాంకు మీద ‘రన్’ అన్నాయి. అక్కడ పరుగెత్తిన వాళ్లు లేరు, గంటల తరబడి నిలబడ్డవాళ్లే. తెలుగులో ‘డిపాజిట్లు వెనక్కి తీసుకోవడానికి జనం ఎగబడ్డారు’ అంటే పాఠకుడికి ఆ భయం కూడా అందుతుంది. ఎన్నికల సంగతి ఇంకా తమాషా. అమెరికాలో అభ్యర్థి ‘రన్’ అవుతాడు, బ్రిటన్‌లో నిలబడతాడు. మనమూ ‘సర్పంచ్‌గా నిలబడ్డాడు’ అంటాం కాబట్టి ఇక్కడ మనకు బ్రిటన్‌వాడితోనే పొత్తు.

క్రికెట్‌లో మాత్రం ‘రన్’ను ఉన్నదున్నట్టుగా ‘పరుగు’ చేసేశాం. బ్యాటర్ సిక్సర్ కొట్టి ఉన్నచోటే నిలబడ్డా ఆరు పరుగులే. ఎవరికీ ఎబ్బెట్టుగా లేదు, ఆ అనువాదం నిలిచింది. దాని పక్కనే ‘రనౌట్’ రనౌట్‌గానే ఉండిపోయింది. అదీ బాగానే ఉంది. కాబట్టి అరువు మాటలతో నాకు పేచీ లేదు. కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ ‘రన్’ చేస్తున్నామంటే దిద్దను.

ఇంగ్లిష్‌వాణ్ని చూసి నవ్వనక్కర్లేదు. మనకూ ఇలాంటి మాట ఒకటుంది: ‘ఆడు’. పిల్లలు ఆడతారు. పెద్దలు మాట్లాడతారు, పోట్లాడతారు, అవసరమైతే అబద్ధమాడతారు. గానుగ ఆడుతుంది, మరలో పిండి ఆడిస్తాం. ఉక్కపోతలో ఊపిరాడదు, కంగారులో కాళ్లూ చేతులూ ఆడవు. పంట అమ్మిన నెలలో రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. వీటన్నిటికీ ఇంగ్లిష్‌లో ‘ప్లే’ అని రాస్తే ఎంత నవ్వులాటో, ‘రన్’ కనబడ్డ ప్రతిచోటా పరుగెత్తించినా అంతే.

పరుగెత్తించడం తప్పని ఇప్పుడు చాలామందికి తెలుసు. దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయమే నన్ను బాధిస్తోంది: తెలుగు చేయకుండా ‘రన్ చేయడం’ అనేస్తున్నారు. హోటల్ రన్ చేస్తున్నాం, స్కూల్ రన్ చేస్తున్నాం, ఫ్యామిలీ రన్ చేయడం కష్టంగా ఉంది. హోటల్‌నూ బడినీ నడుపుతాం, సరే. మరి సంసారం? దాన్ని ఈదుతాం. ఇల్లు గడుస్తుంది, రోజులు వెళ్లదీస్తాం. ‘ఈదుతున్నాను’ అన్న మనిషి మునిగిపోయే ప్రమాదం కూడా చెబుతున్నాడు. ‘గడుస్తోంది’ అన్నవాడు బొటాబొటీ అని చెబుతున్నాడు. ‘రన్ చేస్తున్నా’ అన్నవాడి మాటలో ఆ తేడా ఏదీ వినబడదు.

ఒక మాట అరువు తెచ్చుకుంటే భాషకు నష్టం లేదు. ఆ ఒక్క మాట కోసం పది క్రియల్ని వదులుకుంటేనే నష్టం. పైగా ఆ పదీ నిఘంటువులో వెతకాల్సినంత అపురూపమైనవి కావు, ఇంట్లో రోజూ వాడేవే. ఈసారి ‘రన్ చేస్తున్నా’ అనబోయే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ పనికి మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏ మాట వాడతారో గుర్తు తెచ్చుకుని, ఆ మాటే అనండి.